వెట్టిచాకిరియు నిజాము బొక్కసమును

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, నేడు హైటెక్ సిటీ యనియు సైబరాబాదు కారిడారనియు పిలువబడు ప్రాంతమున, రాయదుర్గమను పేరుగల రెవెన్యూ గ్రామములు మూడున్నవి. వానిని వేఱువేఱుగా గుర్తించుటకై కాగితములలో ఒకదానిని పాయిగా యనియు, ఒకదానిని పాన్‌మక్తా యనియు, మఱియొకదానిని నవ్‌ఖాల్సా యనియు వ్రాయుదురు. పాయిగా యనగా గుఱ్ఱపుసాల. నిజాముకొఱకు ఆశ్వికదళమును పోషించు బాధ్యతతో ఉమరావు కుటుంబములకు విడిచిన భూమి యని దాని తాత్పర్యము. మక్తా యనగా నిర్ణీతమైన స్వల్పమొత్తమును చెల్లించి అనుభవింపుమని యిచ్చిన గ్రామము. ఖాల్సా యనగా శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు చేరు నేల. 'నవ్' అను విశేషణము అది మఱియొకరి చేతినుండి క్రొత్తగా సర్కారునకు వచ్చినదని తెలుపుచున్నది. ఒక్క పేరుగల ఊరి నేలయందు మూడు విధముల రాబడి, ముగ్గురు యజమానులు. ఆ నాటి భూస్వామ్యము కాగితముపై ఇంత సూక్ష్మముగా నిలిచియున్నది. అట్టి గ్రామములలో దున్నినవారి పని, మోసినవారి పని, ఉతికినవారి పని మాత్రము ఏ కాగితమునందును నిలువలేదు.

కూలి యియ్యక చేయించుకొను పని ఉచితమని తోచును. చేయించుకొనువానికి అది చాలవఱకు నిజమే. కాని అట్టివానిపై అధికారియై రాజ్యమేలు ప్రభువునకు అది యుచితము కాదు. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలలో సాగిన వెట్టిచాకిరిని దయాధర్మముల దృష్టితో ఖండించినవారు పెక్కుమంది గలరు. ఆ ఖండనము న్యాయమైనదే. బొక్కసము వైపునుండి దానిని పరిశీలించినవారు తక్కువ. అట్లు పరిశీలించినచో, సర్వాధికారియైన ప్రభువు తనకే నష్టము గల యాచారమును నిషేధించుచు ఉత్తరువులు పంపియు దానిని మాన్పలేకపోవుటకు గల కారణము బోధపడును.

'వెట్టి' యనునది సంస్కృత 'విష్టి' శబ్దమునకు వికృతి. కౌటిల్యుని అర్థశాస్త్రమున విష్టి రాజునకు గల సాధనములలో నొకటిగా గణింపబడినది. ధనము లేనివాడు పన్నును శ్రమరూపమున చెల్లించుట దాని మూలభావము. కోటకు మన్ను మోయుట, సేనకు బాట చేయుట, చెఱువుకట్టకు పడిన గండి పూడ్చుట మొదలగునవి యిట్టి పనులు. మధ్యయుగపు దానశాసనములలో గ్రామమునకు వెట్టినుండి మినహాయింపు నిచ్చుట కానవచ్చును. వదలుకొనుటకు వీలైనది గావున అది రాజుయొక్క రాబడియే యని దానివలన ఏర్పడుచున్నది. ఇరువదవ శతాబ్దపు తెలంగాణమున మిగిలిన వెట్టి పేరునకు ప్రాతదే గాని, దాని ఫలము రాజును చేరుట మాని చాలకాలమై యుండెను. పన్ను నిలిచెను, పన్ను పుచ్చుకొనువాడు మాఱెను.

ఈ మాఱ్పు ఎట్లు జరిగెనో గ్రహించుటకు సంస్థానపు భూవిభాగమును కొంత తెలిసికొనవలెను. భూమిలో సుమారు నూటికి 60 వంతులు దివానీ, అనగా ఖాల్సా. సుమారు 30 వంతులు జాగీరులు, పాయిగాలు మొదలగునవి. తక్కిన 10 వంతులు సర్ఫెఖాస్, అనగా నిజాముయొక్క సొంత భూమి. రాజధానిని చుట్టియున్న అత్రాఫెబల్దా జిల్లా ఇందులోనిదే. కనుక ప్రభువొక్కడే యైనను ఆయనకు రెండు సంచులుండెను. ఒకటి రాజ్యపు ఖజానా, రెండవది తన యింటి ఖజానా. రాజుగా జాగీరుదారులను అదుపులో నుంచవలసినవాడు తానే యందఱిలోను పెద్ద జాగీరుదారుడు.

ఇక ఖాల్సా గ్రామముల సంగతి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు నాటికి తాలూకాల శిస్తును గుత్తకు పాడుకొనినవారు వసూలు చేసికొనుచుండిరి. రాజ్యము అప్పులలో మునిగియుండెను. ఆయన గుత్తలను తీసివేసి, 1865లో జిల్లాబందీ యేర్పఱచి, జీతము పుచ్చుకొను తాలూకాదారులను, తహసీలుదారులను నియమించెను. వంశపారంపర్యముగా వసూలుపని చేయుచున్న దేశముఖులు, దేశపాండ్యాలు ఆ పనిని కోల్పోయి, ప్రతిఫలముగా రుసుములు పొందిరి. ఉద్యోగము పోయినను లెక్కలు వారియొద్దనే, వారి బంధువులయొద్దనే యుండెను. సర్వే బందోబస్తులు జరిగినపుడు ఏ భూమి ఎవరిదో చెప్పవలసినవారు వారే. ఆ రీతిగా పట్టాలు వారి పేరనే పెరిగినవి. జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములును, విసునూరు దేశముఖునకు నలువదివేల ఎకరములును ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటమును గూర్చిన తమ గ్రంథమున వ్రాసియున్నారు. సాలార్‌జంగు సంస్కరణము బొక్కసమును నిలువబెట్టినమాట నిజము. గ్రామమును మాత్రము అది తెలియకయే గడీకి అప్పగించినది.

గడీకి గ్రామము చెల్లించు వెట్టి కులముకులమునకు వేఱుగ నుండెడిది. మాల మాదిగల యిండ్లనుండి వంతుప్రకారము మనిషి పోయి, ఊడ్చుట, కాపుండుట, కట్టెలు కొట్టుట, ఊరినుండి ఊరికి కాగితము మోయుట చేయవలెను. మాదిగవారు చెప్పులును, మోటలకు తోలుబొక్కెనలును ఊరక యియ్యవలెను. చాకలి బట్టలుతికి, రాత్రివేళ దివిటీ పట్టవలెను. కుమ్మరి కుండలియ్యవలెను, మంగలి, వడ్రంగి, కమ్మరి తమతమ పనులు చేయవలెను. గొల్లవాడు గొఱ్ఱెను తోలి తేవలెను. గౌండ్లవాడు తాటిచెట్టునకు సర్కారు పన్ను కట్టియు దొరయింటికి కల్లు ఊరక పోయవలెను. అధికారి దౌరాకు వచ్చినపుడు కోమటి సరుకులు పంపవలెను, బోయ బెస్తలు మేనా మోయవలెను, రైతు బండి కట్టవలెను. దొర చేను తడిసిన పిమ్మటనే తక్కినవారి చేలకు నీరు. దొర నాగళ్లు సాగిన పిమ్మటనే రైతు నాగలి. దొరబిడ్డ కాపురమునకు పోవునపుడు అరణముతోపాటు పంపబడు ఆడబాపల సంగతి వీనినన్నిటిని మించినది. ఆ స్త్రీల జీవితమంతయు ఇంకొకరి సొత్తు. బానిసత్వమను మాటను వెట్టికి వాడుటకు సందేహించువారు ఉన్నచో, ఆడబాప విషయమున ఆ సందేహమునకు తావులేదు.

ఇప్పుడు లెక్క చూతము. ఊహకొఱకు ఒక గ్రామమున పనిచేయగలవారు 200 మంది యుందురనియు, ఏడాదికి ఒక్కొక్కరి పని 30 దినములు వెట్టిక్రింద పోవుననియు, దినకూలి నాలుగణాలనియు అనుకొందము. 6,000 దినముల పని, అనగా 1,500 రూపాయలు, గ్రామమునుండి యేటేట తీయబడుచున్నదన్నమాట. ఆ గ్రామపు శిస్తు 3,000 రూపాయలని పెట్టుకొనినచో, రైతు సర్కారునకు కట్టు పన్నులో సగమంత పన్ను సర్కారు లెక్కలకెక్కకయే పోవుచున్నది. ఈ యంకెలు ఉదాహరణమునకు మాత్రమే. అసలు నష్టము కూలి లెక్కకు లొంగునది కాదు. తెలంగాణపు చెలకనేలలు తడిని కొద్దిదినములే పట్టియుంచును. మృగశిరలో వాన పడిన నాలుగుదినములు దొర దుక్కికి పోయి, అయిదవనాడు తన చేనికి వచ్చిన రైతు పోగొట్టుకొనునది నాలుగు దినముల కూలి కాదు, ఆ యేటి పంటలో ఒక భాగము. పంట తగ్గిన శిస్తు బకాయి పడును. బకాయి పడిన నేల షావుకారుకో దొరకో చేరును. శిస్తును పంటనుండి తీయదలచిన ప్రభువునకు, ఆ పంటనే కొఱికివేయు వెట్టి ప్రతిస్పర్ధియగు పన్ను.

బానిసపని చౌకగా తోచినను తుదకు అన్నిటికంటె ప్రియమైనదని 1776లో ఆడమ్ స్మిత్ వాదించెను. తనది కాని పనిని మనిషి వీలైనంత తక్కువగ చేయుననుట ఆయన యుక్తి. దీనికి విరుద్ధముగా, అమెరికా దక్షిణరాష్ట్రములలో బానిసల యజమానులకు మంచి లాభమే యుండెనని ఫోగెల్, ఎంగర్మన్ అను ఆర్థికచరిత్రకారులు 1974లో లెక్కలు కట్టి చూపిరి. ఈ రెండింటిలో ఏది సత్యమని పట్టుబట్టనక్కఱలేదు. యజమాని లాభము వేఱు, రాజ్యపు లాభము వేఱు. విసునూరి గడీ పచ్చగానున్నదనుటకు సాక్ష్యము కావలసినంత గలదు. దానివలన దివానీ ఖజానా పచ్చబడెననుటకు ఆధారమగపడదు. గడీలో చేరిన ధాన్యము గోడలుగాను, పెండ్లిండ్లుగాను, కోర్టు వ్యవహారములుగాను వ్యయమగుచుండెను. ఊరక పనిచేయు చేతులుండగా మంచి నాగలి, మంచి విత్తనము కొనవలసిన యవసరము ఎవరికిని లేకుండెను.

అట్లైన ప్రభుత్వము దానిని ఏల ఆపలేదు? ఆపుమని వ్రాయకపోలేదు. సర్కారు పనికైనను కూలి చెల్లించియే మనుషులను, బండ్లను పుచ్చుకొనవలెనని గస్తీలు వెలువడినవి. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘము ఆ గస్తీలను తెలుగున ప్రజలకు తెలియజేయుటను తన పనులలో నొకటిగా పెట్టుకొనెను; మాడపాటి హనుమంతరావుగారు ఆ కృషికి ముఖ్యులు. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రికయు, ఆయన యధ్యక్షతనే 1930లో జోగిపేటయందు ప్రారంభమైన ఆంధ్రమహాసభలును ఈ విషయమును విడువలేదు. ప్రభుత్వము పంపిన ఉత్తరువును ప్రభుత్వముచేత పాటింపజేయుమని ప్రజలు ఉద్యమించుట వింతగా తోచును గాని, అందులో తర్కమున్నది.

ఉత్తరువును అమలుపఱుపవలసినవాడు తహసీలుదారు. అతడు దౌరాకు వచ్చునపుడు బండి వెట్టిది, కోడి వెట్టిది, పాలు వెట్టివి, పడక గడీలో. అతని జీతము, భత్యము ఈ సదుపాయములను లోలోపల లెక్కవేసికొనియే నిర్ణయమైనట్లుండెను. సర్కారు నిజముగా కూలి పంపినను అది మాలీపటేలు చేతికో పట్వారీ చేతికో వచ్చి అక్కడనే నిలిచిపోవును. పుచ్చుకొన్నట్లు వేలిముద్ర వేయుమన్న కాదనగలవాడు లేడు. వెట్టిని నిజముగా మాన్పవలెనన్న, గ్రామగ్రామమున బండికి, మనిషికి, మేకకు రొక్కమియ్యవలెను. దొరకు భయపడని ఉద్యోగిని పెట్టి వానికి తగిన జీతమియ్యవలెను. పట్వారీని, పటేలును మార్చి క్రొత్తవారిచేత లెక్కలు వ్రాయింపవలెను. అంతటి వ్యయమునకు తగిన శిస్తు వెట్టివలన బక్కచిక్కిన పల్లెలనుండియే రావలెను. ముందు ఖర్చు, తరువాత రాబడి. నడుమనున్న యేండ్లను దాటించునది దొరల సహాయమే. ఆ సహాయమును విడిచి రాజ్యము నడపగల ధైర్యము నిజాము ప్రభుత్వమునకు లేకపోయెను. నా యభిప్రాయమున ఇది క్రౌర్యముకంటె సోమరితనమునకు దగ్గఱ. కాని దాని ఫలము క్రౌర్యమునకు తీసిపోలేదు.

వెట్టి యొకవైపు, భగేలా యొకవైపు. భగేలా యనగా పెండ్లికో కఱవునకో కొద్దిపాటి రొక్కము పుచ్చుకొని, అది తీఱువఱకు ఋణదాత యింట పనిచేయుటకు ఒప్పుకొనినవాడు. ఏడాదికి కొలిచియిచ్చు గింజలు కడుపునకు చాలవు, చాలని గింజలకు మఱల నాగు పుచ్చుకొనవలెను, అప్పు పెరుగును, తండ్రి పోయినచో కొడుకు వచ్చును. బ్రిటిషు ఇండియాలో 1843 నాటి అయిదవ చట్టముతో న్యాయస్థానములు బానిసత్వమును గుర్తించుట మానెను గాని, అది నిజాము రాజ్యమునకు చెందలేదు. చెందిన చోట్లను అప్పుపేర బంధము నిలిచియే యుండెను. కేశవఅయ్యంగారుగారు 1929-30లో సంస్థాన గ్రామములలో జరిపిన ఆర్థికపరిశోధనలు ఈ భగేలాల స్థితిని వెలుగులోనికి తెచ్చినవి. 1943 నాటికి భగేలా ఒడంబడికలను నియంత్రించు శాసనము కూడ నుండెను. భగేలా చదువలేడు, వ్రాయలేడు; ఒడంబడిక నోటిమాట. నోటిమాటను శాసనము పట్టుకొనలేకపోయెను.

భూమి విస్తారముగా నుండి మనుషులు తక్కువగా నున్న చోట, స్వేచ్ఛగల రైతులు, పనిచేయని భూస్వాములు ఒక్కచోట నిలువలేరని ఎవ్‌సీ డోమర్ అను శాస్త్రజ్ఞుడు 1970లో వ్రాసెను. బంజరు అందుబాటులో నున్నంతకాలము కూలివాడు తన చేను తాను చేసికొనును. వానిని ఆపుటకు బంధము కావలెను. లక్ష ఎకరముల పట్టా చేతులు లేనిచో లక్ష ఎకరముల తుమ్మచెట్లే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు సాగుచేసికొనిన పంటను విసునూరు దేశముఖు పట్టుకొనజూచుటకు గల కారణము కొన్ని బండ్ల ధాన్యము కాదు. ఉతుకవలసినది పండించుకొనుటకు మొదలిడినచో ఊరిలో రేపు ఉతుకువారెవరు?

యుద్ధము వచ్చినపిదప ఈ కట్టడము సడలెను. ధరలు పెరిగెను, సర్కారునకు నగరమునకై ధాన్యము కావలసివచ్చి లెవీ విధించెను. లెవీని నిర్ణయించునది పట్వారీ లెక్క; ఆ లెక్కలో దొర కొట్లు ఖాళీ, పేదరైతు గాదె నిండు. వెట్టితో ముందే కుంగిన యింటినుండి గింజలు కూడ పోవుటతో, అంతవఱకు దొరమీదనే యున్న కోపము సర్కారుమీదికి తిరిగెను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైనపిమ్మట సంఘము పేర గ్రామములు లేచినవి. వెట్టి, లెవీ, బేదఖలు అను మూడును ఒక్కటే నినాదమున చేరినవి. ప్రభుత్వము దొరలను కాపాడుటకు సైన్యమును పంపవలసివచ్చెను; వెట్టివలన నేరుగా ఒక్క పైసయు రాని ఖజానా, వెట్టిని నిలుపుటకై వ్యయము చేయసాగెను. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన భారతసైన్యపు చర్యతో ఆ ప్రభుత్వము ముగిసినను, గ్రామములలో పోరాటము 1951 వఱకు సాగెను.

తరువాతి పరిష్కారమున ఎవరికేమి వచ్చెనో చూడదగియున్నది. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో కలిసెను. నిజామునకు ప్రతిఫలము నిర్ణయమయ్యెను. 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము వచ్చెను. జాగీరుదారులకు పరిహారము లెక్కకట్టుటకు వేఱొక శాసనము 1950లో వెలువడెను. అదే సంవత్సరము కౌలుదారీ శాసనమును, బలవంతపు చాకిరిని నిషేధించు 23వ అధికరణముతో రాజ్యాంగమును అమలులోనికి వచ్చినవి. వెట్టి చేసినవారికి పరిహారమను ప్రసంగమే రాలేదు. ఇది తెలంగాణమునకే ప్రత్యేకము కాదు. 1833లో బ్రిటిషు పార్లమెంటు తన వలసలలో బానిసత్వమును రద్దుచేయునపుడు రెండుకోట్ల పౌనులు యజమానులకు కేటాయించెను, బానిసలకు ఏమియు లేదు. పరిహారము కాగితమును చూచి యిచ్చునది. జాగీరునకు సనదు గలదు. ముప్పది యేండ్లు దివిటీ పట్టిన చాకలికి రసీదు లేదు. భగేలా బంధమునకు 1975 అక్టోబరునాటి ఆర్డినెన్సు, 1976 నాటి వెట్టిచాకిరి రద్దుచట్టము వచ్చువఱకు దేశమంతటికి వర్తించు శాసనము లేకపోయెను.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఈ నేల విలువ మాఱిపోయినది. సమీపముననున్న కోకాపేటలో 2023 ఆగస్టునాటి వేలమున ఎకరము నూఱుకోట్ల రూపాయలను మించినది. మనుషులు కట్టుబడి యుండిననే గాని భూమికి విలువలేని కాలము పోయి, మనుషులతో పనిలేకయే భూమికి విలువగల కాలము వచ్చినది. కనుకనే పాయిగా, మక్తా, సర్ఫెఖాస్ అను మాటలు న్యాయస్థానములలో నేటికిని జీవించియున్నవి. ఈ మేడలకు రాళ్లెత్తిన చేతులలో పాలమూరు కూలీలవి చాలగలవు. మేస్త్రీయొద్ద ముందుగా రొక్కము పుచ్చుకొని దూరదేశములలో ఆనకట్టలు కట్టివచ్చిన పరంపర వారిది. నగరపరిసరములందలి ఇటుకబట్టీలలో, ఒడిశానుండి అడ్వాన్సు పుచ్చుకొని వచ్చి చిక్కుకొనిన కుటుంబములను 1976 చట్టము క్రిందనే అధికారులు విడిపించిన సందర్భములు గలవు. భగేలాకు పుచ్చుకొన్న రొక్కము పెండ్లికి, వీరికి కఱవునకు.

పరిశోధకులకు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. వెట్టికి రసీదు లేకపోయినను దాని నీడ ఇతరుల లెక్కలలో పడియుండును. ఉద్యోగుల దౌరాభత్యములను, బండ్లకు మనుషులకు చెల్లించినట్లు చూపిన ఖర్చులను, గస్తీలలో నిర్ణయించిన కూలిరేట్లతోను ప్రజల యర్జీలతోను సరిపోల్చినచో, గ్రామమువారీగా కాకున్నను తాలూకావారీగా ఒక యంచనాకు రావచ్చును. తార్నాకయందలి రాజ్య ప్రాచీనపత్రశాలలో ఈ పనికి మొదలుపెట్టవచ్చును. దానికి ఉర్దూ పారసీకములు చదువగల తెలుగువారు కావలెను. రెండవ యాధారము మనుషుల జ్ఞాపకము. 1946లో పదియేండ్ల పిల్లలుగా తల్లిదండ్రులతో గడీ ఊడ్చినవారికి నేడు తొంబదియేండ్లు సమీపించినవి లేదా దాటినవి. ముందు వారియొద్దకు పోవలెను; పత్రశాల తరువాతనైనను తెఱచియుండును.